మార్గిట్ అవ్వ వదిలేసిన అర గిన్నె

సీవర్ట్ కంటే ముందు అతని కోపం మా ఇంట్లోకి వచ్చి కూర్చుంది. గుమ్మంలో బూట్ల మంచు దులుపుతున్న చప్పుడు వినగానే మా ఆవిడ బెరిట్ బల్ల చివరన ఉన్న గాజు సామానంతా మధ్యకి జరిపింది. మా కుక్క బల్ల కిందికి దూరింది. అంటే ఇంట్లో తెలివైనవాళ్ళిద్దరూ సర్దుకున్నారన్నమాట. నేనొక్కణ్ణే చేతులు రుద్దుకుంటూ, నవ్వు ఆపుకుంటూ తలుపు తీశాను. సీవర్ట్ కోపంలో ఉన్నప్పుడు చెప్పినట్టు కోతలు మామూలప్పుడు చెప్పలేడు.

పండగ మూడో రోజు మా లోయలో ఎవరి ఇంట్లో వాళ్ళు ఉండరు. క్రిస్మస్‌కని ఎవరి బీరు వాళ్ళు కాచుకుంటాం. కాచుకున్నది మనమే తాగితే అందులో పండగేముంది? అందుకని పొద్దున్నే బయల్దేరి ఇల్లిల్లూ తిరుగుతూ ప్రతి ఇంట్లో ఒక కొయ్యగిన్నెడు బీరు తాగి, గిన్నె బోర్లించి, మంచో చెడో ముఖం మీదే చెప్పి పక్కింటికి పోతాం. చివరింట్లో మాత్రం కూలబడతాం. అక్కడికి ఎవరి కూజా వాళ్ళే తెచ్చుకుంటారు. ఈ ఏడు ఆ చివరిల్లు మాది, అందుకే నేను గడప దాటలేదు.

అప్పటికే ముగ్గురు వచ్చి ఉన్నారు. ఫెర్రీ మీద టికెట్లు చింపే యోస్తెయిన్ పొయ్యికి వీపు ఆనించుకుని, ఎండు గొర్రె పక్కటెముక ఒకటి పట్టుకుని గీకుతున్నాడు. కిటికీ దగ్గర రన్వేగ్ కూర్చుంది. లోయ పైన వాళ్ళ మేనత్త పొలం ఈ ఏడే చేతికొచ్చిన పిల్ల. పొయ్యికి అటు పక్క మార్గిట్ అవ్వ. ఎనభై రెండేళ్ళు. మేజోడు అల్లుతోంది. బీరు కాచే ఓపిక పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ నోట్లోంచి మాట రావడం ఏడాదికి రెండు సార్లో మూడు సార్లో, అదీ కుట్లు లెక్కపెట్టేటప్పుడు.

రన్వేగ్ ఒళ్ళో ఓ ఖాళీ సీసా ఉంది. ఆ రోజు అందరి కళ్ళూ ఆ సీసా మీదే. బార్లీ మొలకల రసం ఎవరైనా కాస్తారు. బీరుకి ప్రాణం అందులో వేసే తోడులో ఉంటుంది. ప్రతి ఇంటికీ, కాచడం మానేసిన ఇంటికి కూడా, దాని తోడు దానిదే, తాతల నాటి నుంచి కూజాలోంచి కూజాలోకి నడిచొచ్చింది. రన్వేగ్ వాళ్ళ తోడు మొన్న ఆకురాలే కాలంలో బీరు కాచే పాకతో పాటు కాలిపోయింది. ఇలా పోయినప్పుడు పక్కింటికి వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. అందులో సిగ్గేం లేదని అందరం అంటాం. అడగాల్సి వస్తే మాత్రం చీకట్లో వెళతాం. ఇచ్చినవాళ్ళు ఇచ్చామని బయట అనకూడదు. తెచ్చుకున్నవాళ్ళు తమ బీరులో మొదటి గిన్నె ఇచ్చినవాళ్ళింటికి పట్టుకెళ్ళాలి. అంతే కట్టుబాటు. రన్వేగ్ మాత్రం పట్టపగలే సీసా పట్టుకుని తిరిగింది. అందరి బీరూ రుచి చూసి, ఇక్కణ్ణుంచి లేచే లోపల ఒకరి తోడు అడుగుతానంది. ఏ ఇంటి తోడు అడుగుతుందో ఆ ఇంటి పేరు పై పొలంలో ఇంకో వందేళ్ళు బతుకుతుంది. సీవర్ట్‌కి పిల్లల్లేరు. ఆ సీసా తనకే దక్కాలని అతను పొద్దుటి నుంచీ ఎంత ఆరాటపడుతున్నాడో చెప్పక్కర్లేదు.

"అర గిన్నె!" అన్నాడు సీవర్ట్, కోటైనా విప్పకుండా. "హల్వార్, నీ ఇల్లు గనక గొంతు తగ్గించి అడుగుతున్నాను. నా ఇంట్లో, నా బల్ల మీద, నా తాత చెక్కిన గిన్నెలో నేను పోసిన బీరు సగం తాగి సగం వదిలేసి వెళ్ళారు! ముఖాన ఉమ్మేసినా తుడుచుకునేవాణ్ణి. చెంప మీద కొట్టినా రెండో చెంప గురించి ఆలోచించేవాణ్ణి. అర గిన్నె వదలడమా? నేను పేరు చెప్పను. పేర్లు చెప్పే రకం కాదు నేను. పొయ్యి పక్కన కూర్చుని మేజోళ్ళు అల్లేవాళ్ళు ఎవరో వాళ్ళకే తెలుసు."

"పదకొండు, పన్నెండు," అంది మార్గిట్ అవ్వ మేజోడుతో.

"చూశారా? చూశారా ఆ లెక్కచెయ్యకపోవడం?"

"కూర్చో సీవర్ట్," అన్నాను. "రొట్టె తిను. బాగా వెన్న రాసింది బెరిట్."

"నాకు రొట్టె వద్దు, న్యాయం కావాలి." అని రెండు రొట్టెలు తీసుకుని కూర్చున్నాడు. "అసలు ఆ బీరు ఎలా పుట్టిందో తెలిస్తే ఆ మిగిలిన సగం గిన్నె కోసం రాత్రికి మా తలుపు పగలగొడతారు మీరంతా. చెప్పనా? చెప్పమన్నా వద్దన్నా చెబుతాను. ఈ ఏడు రెండొందల లీటర్లు కాచాను. ఒక్కణ్ణే. బీరుకి వాసన పట్టే జునిపర్ కొమ్మలు కొండ మీంచి వీపు మీద మోసుకొచ్చాను. మీలాగా ట్రాక్టరు మీద కాదు. నీళ్ళు వాగులోంచి, మంచు పగలగొట్టి. పొద్దున నాలుగింటికి పొయ్యి వెలిగిస్తే సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోలేదు. అందులో అబద్ధముందా?"

"లేదు," అన్నాడు యోస్తెయిన్. "ఇంకా మొదలవలేదు."

"నువ్వు ఎముక గీక్కో. సరే, కాచాను, పొయ్యి మీంచి దించాను. ఇప్పుడు తోడు వెయ్యాలి. అక్కడే ఉంది అసలు విద్య. మీరందరూ ఏం చేస్తారు? థర్మామీటర్ అనే గాజు పుల్ల ముంచి దాని ముఖం చూస్తూ నిలబడతారు, పరీక్ష ఫలితాల కోసం నిలబడ్డట్టు. మా ఇంట్లో అలాంటివి ఉండవు. మా తాతకి మోచెయ్యి, మా నాన్నకి మోచెయ్యి, నాకు మోచెయ్యి. మోచెయ్యి ముంచితే అప్పుడే పితికిన పాలంత వెచ్చగా తగలాలి. తగిలిన క్షణాన తోడు వెయ్యాలి, వేస్తూ కేక పెట్టాలి. కేక ఎంత గట్టిగా ఉంటే బీరు అంత గట్టిగా ఉంటుంది, అది మీ అందరికీ తెలుసు. ఈ మధ్యన ఈ లోయలో కేకలు ఎలా తయారయ్యాయి? మొన్న హల్వార్ తోడు వేస్తుంటే నేను దార్న పోతున్నాను. పిల్లి తోక తొక్కారేమో అనుకున్నాను."

నేను నవ్వాను. నిజమే, నాది చిన్న గొంతు.

"నేను పెట్టాను కేక. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొదట మా పాక కప్పు మీదున్న మంచు ధబ్బున జారి పడింది. అది మామూలే, ప్రతి ఏడూ పడుతుంది. తర్వాత ఇంటి కప్పు మీదిది పడింది. తర్వాత, పేరు చెప్పను, అవతలి వాలులో ఒక ముసలావిడ కప్పు మీదిదీ పడింది. ఆవిడకి పార పట్టుకుని ఎక్కే పని తప్పింది. దానికన్నా కృతజ్ఞత ఉండాలా వద్దా? ఆ తర్వాత ఎదురు కొండ మీద పెద్ద మంచు ముద్ద ఒకటి కదిలింది. అది దొర్లుకుంటూ వస్తుంటే నేనే ఇంకో చిన్న కేక పెట్టి ఆపాను. లేకపోతే చర్చి పోయేది. ఫెర్రీ ఇవతలి ఒడ్డుకి వస్తోంది, సగం దూరం వచ్చేసింది. నా కేక విని కెప్టెను, ఇంకో పెద్ద ఓడ హారన్ కొడుతోందనుకుని, భయపడి వెనక్కి తిప్పేశాడు!"

"ఆ రోజు ఫెర్రీ మీద నేనున్నాను," అన్నాడు యోస్తెయిన్.

"ఉంటావు. కింద ఇంజను గదిలో దుప్పటి కప్పుకుని ఉంటావు. ఫెర్రీ ఎటు తిరిగిందో నీకెప్పుడు తెలిసింది గనక? పోయినేడు నీకు టికెట్ ఇవ్వబోతే, 'ఏ ఊరొచ్చింది బాబాయ్' అని నన్నే అడిగావు."

రన్వేగ్ పకపకా నవ్వింది. ఆ నవ్వు చూసి సీవర్ట్ కోపం కాస్త తగ్గుతుందనుకున్నాను గానీ, ఇంకా ఉప్పొంగింది. ఎదురుగా నవ్వే మనిషి ఉంటే కోతలకి రెక్కలొస్తాయి. అర గిన్నె గుర్తొస్తే వాటికి గోళ్ళు కూడా వస్తాయి.

మా పొయ్యి బాగా రాజుకుంది. యోస్తెయిన్ చొక్కా బొత్తాలు విప్పుకున్నాడు. నేను చేతులు పైకి మడుచుకున్నాను. సీవర్ట్ ముఖం మీద చెమట కారుతోంది గానీ కోటు విప్పి కుర్చీకి తగిలించినా స్వెట్టర్ చేతులు మాత్రం మణికట్టు దాకా కిందికి లాక్కుని ఉన్నాడు. గిన్నె పట్టినా, రొట్టె విరిచినా, బల్ల గుద్దినా అంతా కుడి చేత్తోనే. ఎడమ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు నేనంత పట్టించుకోలేదు.

"తోడు లేచింది," అన్నాడు. "మీ తోడులు లేవడానికి ఎంతసేపు పడుతుంది? పూట? పూటన్నర? నాది నేను వెనక్కి తిరిగి కుర్చీ లాక్కునే లోపల లేచింది. మూత పైకి లేస్తోంది. మూత మీద రాయి పెట్టాను. రాయి లేచింది. రాయి మీద ట్రాక్టరు చక్రం పెట్టాను. చక్రం లేచింది. ఇహ లాభం లేదని నేనే ఎక్కి కూర్చున్నాను. నా బరువు మీకు తెలుసు కదా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? నేను, చక్రం, రాయి, మూత, అందరం కలిసి నింపాదిగా పైకి పోతున్నాం! దూలానికి నా తల తగిలింది. ఇదిగో, ఇక్కడ బొప్పి. చూడు రన్వేగ్, పట్టుకు చూడు."

"పట్టుకున్నాను బాబాయ్. బొప్పి లేదే."

"లోపలికి పోయింది. నాలుగు వారాలవడంలా? సరే, తలుపు తోసుకుని నురగ బయటికొచ్చింది. వాలు మీద దిగుతోంది. కంచె దగ్గర ఆగుతుందేమో అనుకున్నాను, కంచెని మర్యాదగా వంచి దాటిపోయింది. నా గొర్రెలు పదహారూ దాని మీద ఎక్కి కూర్చుని జారుకుంటూ పోయాయి. ఒక్కదానికి దెబ్బ తగల్లేదు, ఒకటి మాత్రం దిగనని మొండికేసింది. నురగ వెళ్ళి వెళ్ళి కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రం, మన ఫ్యోర్డ్ నీళ్ళలో దిగింది. అక్కడి చలికి గడ్డకట్టింది. ఈ ఫ్యోర్డ్ ఎప్పుడైనా గడ్డకట్టగా చూశారా? మీ తాతలు చూశారా? నా బీరు నురగతో గడ్డకట్టింది! మర్నాడు ఆదివారం పాస్టరుగారు అవతలి ఒడ్డు నుంచి నడుచుకుంటూ వచ్చారు, చేతిలో బైబిలు, రెండో చేతిలో చెంచా. నడుస్తూ తింటూ, నడుస్తూ తింటూ. చర్చికి వచ్చేటప్పటికి ప్రసంగం మర్చిపోయి పాటలతో సరిపెట్టారు. ఆ వారం ఫెర్రీ ఎవడెక్కాడు? అడగండి వీణ్ణి."

"ఆ వారం మేం రెండు ట్రిప్పులు ఎక్కువ వేశాం," అన్నాడు యోస్తెయిన్.

"అదే చెబుతున్నా. నా నురగ పగలగొట్టుకుని రావాల్సొచ్చింది మీకు."

బెరిట్ వంటింటి గుమ్మంలో నిలబడి పళ్ళెం తుడుస్తూ తుడుస్తూ అదే పళ్ళెం మూడోసారి తుడుస్తోంది. మార్గిట్ అవ్వ మేజోడు మడమ దాకా వచ్చింది.

"ఇహ దుప్పి సంగతి. గుర్రమంత దుప్పి, కొమ్ములు ఈ గుమ్మంలో పట్టవు. మా పాక వెనకాల ఒక బకెట్టు నురగ పెట్టాను, అది వచ్చి తాగింది. ఎంత తాగింది? మొత్తం! అడుగు దాకా! నాలికతో గీకి మరీ! అడవిలో తిరిగే దుప్పికున్న మర్యాద, బాప్తిస్మం పుచ్చుకుని, ముందు వరసలో కూర్చుని కీర్తనలు పాడేవాళ్ళకి లేదు! అంతేనా? మర్నాడు పొద్దున తలుపు కొట్టింది. తీసి చూస్తే దుప్పి. బకెట్టు కొమ్ముకి తగిలించుకుని తిరిగివ్వడానికి వచ్చింది. కడిగి తెచ్చింది!"

"ఏం కావాలంది?" అన్నాను, ఉండబట్టలేక.

"ఏం అనలేదు. దుప్పులు మాట్లాడతాయా? నీకు మతి ఉందా హల్వార్?"

ఈసారి అవ్వ సూదులు కూడా ఒక్క క్షణం ఆగినట్టనిపించింది. రన్వేగ్ కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని, అమాయకంగానే అడిగింది.

"బాబాయ్, పొద్దున మీ ఇంట్లో తాగినప్పుడు నారింజ తొక్క వాసనొచ్చింది. నాకు ఈ రోజు తాగినవాటిలో అదే బాగా నచ్చింది. ఆ వాసన ఎలా వస్తుంది?"

సీవర్ట్ ఛాతీ ఎంత విరుచుకున్నాడంటే కుర్చీ కిర్రుమంది. నాకు మాత్రం ఎక్కడో చిన్నగా గుచ్చుకుంది. ఎందుకంటే సీవర్ట్ ఇంటి బీరు నేను నలభై ఏళ్ళుగా తాగుతున్నాను. దానికి మాడిన చక్కెర వాసన ఉంటుంది. చిక్కగా, కాస్త చేదుగా, నాలిక వెనక చాలాసేపు నిలిచే వాసన.

యోస్తెయిన్‌కీ అదే తట్టినట్టుంది. "పోయినేటి దాకా మాడిన చక్కెర కదా మీది?"

"పోయినేటి దాకా నిద్రపోతోంది!" అని బల్ల గుద్దాడు సీవర్ట్. "తోడుకి వయసొస్తుందిరా. వందేళ్ళు నిద్రపోయి ఈ ఏడు నా కేకకి పూర్తిగా లేచింది. దాని అసలు వాసన నారింజే. ఎలాగో తెలుసా? మా ముత్తాత రోజుల్లో స్పెయిన్ ఓడొకటి తుపానులో ఇక్కడి రాళ్ళకి కొట్టుకుంది. ఓడ నిండా నారింజలు. ఫ్యోర్డ్ అంతా బంగారు రంగు. మా ముత్తాత పడవేసుకెళ్ళి కెప్టెన్ని కాపాడితే, ఆ కెప్టెను ఏడుస్తూ ఒక నారింజ పిండి మా తోడు కూజాలో రసం పోశాడు. అది ఇన్నాళ్ళకి బయటపడింది. నమ్మరా? మా నేలమాళిగలోకి రండి. కూజా పక్కన నారింజ చెట్టు మొలిచింది. కిటికీ లేదు, దీపం లేదు, గడ్డకట్టే చలి. పద్నాలుగు కాయలు కాసింది. పండగ రోజు నేను ఒలుచుకు తిన్నాను."

"మాకు ఒకటైనా తేలేదేం?" అంది బెరిట్ గుమ్మంలోంచి.

"గింజలున్నాయమ్మా, నీ పళ్ళకి ఇబ్బందని తేలేదు. వినండి ముందు. ఈ సంగతి ఎలా పొక్కిందో గానీ, ఓస్లో నుంచి ముగ్గురు పండితులు తెల్లకోట్లతో దిగారు. భూతద్దాలు, పెట్టెలు, తీగలు. నా తోడు ఒక్క చుక్క గాజు పలక మీద వేసుకుని చూశారు. మొదటివాడు చూశాడు, తెల్లబోయాడు. రెండోవాడు చూశాడు, కుర్చీలో కూలబడ్డాడు. మూడోవాడు నన్ను చూడమన్నాడు. చూశాను. లోపల తోడు పురుగులు లక్షలకి లక్షలు, వరసల్లో నిలబడి ఉన్నాయి, ఒక్కోదానికి చిన్న ఉన్ని టోపీ! నన్ను చూడగానే టోపీలు తీసేశాయి!"

"ఎవరల్లారు ఆ టోపీలు?" అన్నాడు యోస్తెయిన్. "అవ్వేనా?"

"నవ్వు! నవ్వు! పురుగులు టోపీ తీసిన మనిషికి ఈ లోయలో అర గిన్నె!" సీవర్ట్ లేచి నిలబడ్డాడు. ముఖం ఎర్రబడింది. ఇప్పుడు అతని కోపం నిజం, మిగతాదేమైనా. "నేను పోయాక నా పాకలో పొయ్యి వెలిగించేవాడు లేడు. తెలుసు నాకు. మీరు చెప్పక్కర్లేదు. మా తాత, మా నాన్న, నేను, అంతే, ఇహ ఆఖరు. ఈ పిల్ల సీసాలో మా ఇంటి తోడు పడితే ఇంకో వందేళ్ళు ఎవరో ఒకరు ఇది సీవర్ట్ ఇంటి బీరు అంటారు. పొద్దున ఈ పిల్ల మా ఇంట్లో గిన్నె అడుగు దాకా తాగి నోరు తెరిచి అడగబోయింది. ఆ క్షణాన ఈవిడ లేచి, అర గిన్నె బల్ల మీద పెట్టి, అందరూ చూస్తుండగా వెళ్ళిపోయింది! పిల్ల నోరు మూసుకుంది. మీరే చెప్పండి, ఎందుకు? ఏం తప్పుంది నా బీరులో? ఏం చేశాను నేను ఈవిడకి?"

అవ్వ వరస పూర్తి చెయ్యడానికి ఇంకా నాలుగు కుట్లున్నాయి.

"ఇహ నేను ఎవర్నీ అడగను," అని కుర్చీకి తగిలించిన కోటు లోపలి జేబులోంచి ఒక సీసా తీశాడు. నిండా తోడు, లేత గోధుమ రంగులో, చిక్కగా. "నువ్వు అడక్కపోయినా ఇస్తున్నాను రన్వేగ్. వస్తూ వస్తూ మాళిగలోంచి లాక్కొచ్చాను. పట్టు. ఇది మా ముత్తాత తోడు. ఎవరు ఎన్ని సగాలు వదిలినా ఇది మాదే."

రన్వేగ్ రెండు చేతులా అందుకుంది. దీపం దగ్గరికి తీసుకెళ్ళి రంగు చూసింది. మూత తీసి వాసన చూసి, "నారింజే" అని మురిసిపోయింది. మూత బిగించి, ఇంకా బాగా చూద్దామని సీసా పైకెత్తి కింద నుంచి చూసింది.

"బాబాయ్, అడుగున చీటీ అంటించి ఉంది. 'ఎర్ర లింగన్ పళ్ళ జామ్. చక్కెర తక్కువ.' మీరు జామ్ కూడా చేస్తారా?"

బెరిట్ చేతిలో పళ్ళెం ఆగిపోయింది. మా లోయలో చీటీలు మూత మీద కాకుండా సీసా అడుగున అంటించే మనిషి ఒక్కరే. మూత మీదైతే తడికి ఊడిపోతుందని ఆవిడ నమ్మకం. అందరింట్లోనూ ఆవిడ జామ్ సీసాలున్నాయి, అందరికీ ఆ చేతిరాత తెలుసు.

సీవర్ట్ సీసా కోసం చెయ్యి చాచాడు. "సీసా... సీసాలు అటూ ఇటూ పోతుంటాయి. ఎప్పుడో జామ్ ఇచ్చింది. సీసా ఎవరిదైతేనేం?"

"సీసా ఎవరిదైతేనేం," అన్నాడు యోస్తెయిన్ మెల్లగా, "లోపలున్నదెవరిది?"

మార్గిట్ అవ్వ ఆఖరి కుట్టు వేసి, సూదులు ఒడిలో పెట్టింది.

"ఇచ్చినవాళ్ళు చెప్పకూడదు. నేను చెప్పలేదు," అంది. "ఇప్పుడూ చెప్పను. ఒక్క మాట అడిగావు గనక జవాబిస్తాను, సీవర్ట్. నీ గిన్నెలో నాదెంతుందో అంత తాగాను. నీది నీకే వదిలేశాను."

సీవర్ట్ నిలబడే ఉన్నాడు. కోపం ఎటు పోవాలో తెలియక అతని ముఖం మీదే అటూ ఇటూ తిరుగుతోంది.

"నీ కేక మాత్రం నేను విన్నాను," అంది అవ్వ. "అది నిజమే. మా పాకలో గొర్రెలకి మేత వేస్తున్నాను, అక్కడికి వినపడింది. కానీ అది తోడు వేసే కేక కాదు నాయనా. రెండు కేకలు వచ్చాయి. మొదటిది గొప్పగా ఉంది. రెండోది అమ్మా అని వచ్చింది. స్వెట్టర్ ఎడమ చెయ్యి పైకి లాగు."

"ఎందుకు?"

"లాగు."

లాగాడు. ముంజేతి నుంచి మోచెయ్యి దాటే దాకా లేత గులాబీ రంగు కొత్త చర్మం, అక్కడక్కడ ఇంకా పొక్కు ఆరని మచ్చలు. బెరిట్ "అయ్యో సీవర్ట్" అంది.

"మోచెయ్యి ముంచి కేక పెట్టాలి," అన్నాడు సీవర్ట్, నేల చూపులు చూస్తూ. గొంతులో కోపం ఇంకా ఉంది గానీ, అది ఎవరి మీదో ఇప్పుడు తెలిసిపోయింది. "నేను కేక పెట్టి మోచెయ్యి ముంచాను. ఈసారి కేక అందరికీ వినపడాలి, ఈ పిల్లకి వినపడాలి, అదే ధ్యాస. నురగ ఎక్కువ రావాలని కూజాలో ఉన్న తోడంతా గుమ్మరించేశాను. చుక్క మిగల్చలేదు. గట్టిగా అరిచాను. అప్పుడు చెయ్యి పెట్టాను. మసిలిపోతోంది. తోడు ఒక్కసారి కూడా బుడగ వెయ్యలేదు. మా తాత తోడు. నిమిషంలో చంపేశాను. మర్నాడు తెల్లారకముందే ఈవిడ తలుపు కొట్టాను. తేవడానికి కూజా కూడా తీసుకెళ్ళలేదు. చెయ్యి వాచిపోయి ఉంది, ఈవిడే కట్టు కట్టింది, జామ్ సీసా కడిగి పోసిచ్చింది."

"మరి మొదటి గిన్నె?" అన్నాను నేను. అడిగాక నాకే బాధేసింది.

"తెస్తే తెలిసిపోదా? గిన్నె పట్టుకుని వాలు దిగుతుంటే లోయంతా చూడదా?"

"తోడుకి చీకట్లో వచ్చినవాడివి," అంది మార్గిట్ అవ్వ, "గిన్నె చీకట్లో తేలేకపోయావా? నీ బీరు తయారైందని విన్నాక మూడు రోజులు తలుపు గడియ పెట్టకుండా కూర్చున్నాను. ఎవరైనా వస్తారేమో అని కాఫీ కూడా పెట్టాను. నా తోడు నీకిచ్చినందుకు నాకేం బాధలేదు. దాన్ని మీ ముత్తాతకి ఇచ్చేశావు, అదీ బాధ. ఓడ ఎక్కించావు. టోపీలు పెట్టావు."

యోస్తెయిన్‌కి నవ్వొచ్చింది గానీ ఎముక వెనక దాచుకున్నాడు.

సీవర్ట్ తను తెచ్చిన కూజా ఎత్తి, బల్ల మీద బోర్లించి ఉన్న గిన్నె ఒకటి తిప్పి, ఎడమ చేత్తోనే పట్టుకుని నింపాడు. ఒక్క చుక్క ఒలక్కుండా నాలుగడుగులు వేసి అవ్వ చేతుల్లో పెట్టాడు. సీవర్ట్ అంత దూరం మాట్లాడకుండా నడవడం నేను చూడటం అదే మొదటిసారి.

అవ్వ తాగింది. తొందర్లేకుండా, గిన్నె అడుగు కనపడే దాకా తాగింది. గిన్నె బోర్లించి మోకాలి మీద పెట్టుకుంది.

"బాగా కాచావు," అంది. "నా చేత్తో కాచిన దానికంటే బాగుంది. నేను జునిపర్ అంత వేసేదాన్ని కాదు."

రన్వేగ్ సీసా పట్టుకుని దిక్కులు చూస్తోంది. "మరి నేనిప్పుడు ఎవర్ని అడగాలి?"

"అడిగేదేముంది, చేతిలోనే ఉందిగా," అంది అవ్వ. "నా తోడు, వాడు చేత్తో ఇచ్చాడు. ఉంచుకో."

"మొదటి గిన్నె ఎవరింటికి తేవాలి?"

అవ్వ సీవర్ట్ వైపు చూసింది. సీవర్ట్ స్వెట్టర్ అంచు చూసుకుంటున్నాడు.

"ఒక్క గిన్నే తే. మా ఇంటికే తే, వీడూ వస్తాడు. నాకు సగం, వాడికి సగం. అర గిన్నె అని ఈసారి అరవడులే."

బెరిట్ ముక్కు చీదుకుంటూ వంటింట్లోకి పోయింది. నేను అందరి గిన్నెలూ నింపాను. సీవర్ట్ వచ్చి తన కుర్చీలో కూర్చుని, గిన్నె ఎత్తి ఒక గుక్క తాగి, మీసం తుడుచుకున్నాడు. రెండో గుక్క తాగాడు. మూడో గుక్కకి ఛాతీ మళ్ళీ కొద్దికొద్దిగా విచ్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

"రన్వేగ్," అన్నాడు, "తోడు ఎవరిదైనా కానీ, కేక ఉంది చూశావూ, అది నేను నేర్పిస్తాను. అది నాదే, అందులో ఎవరికీ వాటా లేదు. మొన్న నేను ఊరికే గొంతు సవరించుకుంటే ఎదురు కొండ మీద రెండు గద్దలు గూడు ఖాళీ చేసి..."

"సీవర్ట్," అంది మార్గిట్ అవ్వ, మేజోడు మళ్ళీ చేతిలోకి తీసుకుంటూ. "ముందు మోచెయ్యి."

"ముందు మోచెయ్యి," అన్నాడు సీవర్ట్ రన్వేగ్‌తో, బడిపిల్లాడిలా. "తర్వాతే గద్దలు."